పేరు దొరుకుతోంది, లాగిన్ మాత్రం కావడం లేదు (ఎస్ఎస్ఎస్‌డీ, ఓపెన్‌ఎల్‌డాప్)

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్‌లో విద్యార్థులు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో పని చేసుకోవాలని, ఖాతాలన్నీ ఒకేచోట ఉంచే ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ పెట్టాం. ల్యాబ్ కంప్యూటర్లన్నింటిలో రాకీ లినక్స్ 9, ఆ సర్వర్ నుంచి ఖాతాల వివరాలు తెచ్చే ఎస్ఎస్ఎస్‌డీ సర్వీసు ఉన్నాయి. ‘ఐడీ’ కమాండ్ ఇస్తే విద్యార్థి పేరు, గ్రూపులు సరిగ్గానే వస్తున్నాయి. లాగిన్ దగ్గర మాత్రం తిరస్కరిస్తోంది. అదే పాస్‌వర్డ్‌ను సర్వర్‌ను నేరుగా అడిగే ‘ఎల్‌డాప్‌సెర్చ్’ కమాండ్‌తో ఇస్తే సర్వర్ ఒప్పుకుంటోంది. పైగా ‘గెటెంట్’ కమాండ్‌తో ఖాతాల మొత్తం జాబితా అడిగితే స్థానిక ఖాతాలే కనబడుతున్నాయి. అంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టమంటారా?

జవాబు: వద్దండి, సగం పని పూర్తయినట్టే. ఫలానా పేరు ఎవరిది, యూజర్ నంబరు ఎంత, హోమ్ డైరెక్టరీ ఎక్కడ అన్నవి లినక్స్‌లో ఎన్ఎస్ఎస్ అనే భాగం చూసుకుంటుంది. పాస్‌వర్డ్ సరిచూసి లోపలికి రానిచ్చేది పామ్ అనే మరో భాగం. ‘ఐడీ’ జవాబిచ్చిందంటే మొదటిది బాగున్నట్టే కాబట్టి దాని అమరికలుండే ఎన్ఎస్‌స్విచ్ ఫైలు జోలికి వెళ్లకండి.

నా అనుమానం టీఎల్ఎస్ మీద, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా చేసే రక్షణ మీద. ఎల్‌డాప్ మామూలుగా వాడే 389 పోర్టులో టీఎల్ఎస్ లేకపోయినా ఎస్ఎస్ఎస్‌డీ పేర్లు తెచ్చి ఇస్తుంది. పాస్‌వర్డ్ పంపాల్సి వచ్చేసరికి టీఎల్ఎస్ ఉండి తీరాలంటుంది. అలా పట్టుబట్టడమే న్యాయం, లేదంటే అదే నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు చూడగలిగిన వారందరికీ మీ విద్యార్థుల పాస్‌వర్డ్‌లు కనబడతాయి. సర్టిఫికెట్ తనిఖీని ఆపేయమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి. సర్వర్ సర్టిఫికెట్‌పై సంతకం చేసిన సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థ) సర్టిఫికెట్‌ను ప్రతి కంప్యూటర్‌లో పెట్టి, అది ఎక్కడుందో ఎస్ఎస్ఎస్‌డీ కాన్ఫిగ్‌లో రాయండి.

గెటెంట్ సంగతి లోపం కాదు. మొత్తం జాబితా ఇవ్వకపోవడం ఎస్ఎస్ఎస్‌డీ సహజ అమరిక. ఒక పేరు ఇచ్చి అడగండి, వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: సీఏ సర్టిఫికెట్ పెట్టాను. ఇప్పుడు సర్టిఫికెట్‌లోని పేరు సర్వర్ పేరుతో కలవడం లేదని లాగ్‌లో వస్తోంది. కాన్ఫిగ్‌లో సర్వర్ ఐపీ చిరునామా ఇచ్చి ఉంది.

జవాబు: చిక్కంతా అక్కడే ఉంది. సర్టిఫికెట్ ఏ పేరు మీద తీసుకున్నారో ఐపీ స్థానంలో అక్షరం తేడా లేకుండా అదే పేరు రాయండి. ఆ పేరు డీఎన్ఎస్‌లో (పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పే వ్యవస్థ) లేకపోతే ప్రస్తుతానికి ప్రతి కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైలులో చేర్చినా పని జరుగుతుంది. కాన్ఫిగ్ ఫైలు రూట్ (అడ్మిన్ ఖాతా) పేరునే, యజమాని మాత్రమే చదివి రాయగలిగే 0600 అనుమతులతోనే ఉండాలి. తర్వాత ఎస్ఎస్ఎస్‌డీని రీస్టార్ట్ చేయండి.

మరో సభ్యురాలు: లాగిన్ అయ్యాక హోమ్ డైరెక్టరీ లేదని వస్తే కంగారు పడకండి. లాగిన్ అమరికలు మార్చే ఆథ్‌సెలెక్ట్ కమాండ్‌లో ఎస్ఎస్ఎస్‌డీ ప్రొఫైల్‌ను ‘విత్ ఎంకేహోమ్‌డిర్’ ఎంపికతో పెట్టి, హోమ్ డైరెక్టరీని తయారుచేసే ఆడ్‌జాబ్‌డీ సర్వీసును కూడా ఎనేబుల్ చేయాలి. ఆ మార్పు చేసేటప్పుడు వేరే టెర్మినల్‌లో రూట్ లాగిన్ ఒకటి తెరిచే ఉంచండి. పామ్‌లో తేడా వస్తే సరిదిద్దడానికి మీకు అదే దారి.

ప్రశ్న అడిగినవారు: పేరు మార్చగానే లాగిన్ అయిందండి. హోమ్ డైరెక్టరీ లేదనే వచ్చింది, ఆడ్‌జాబ్‌డీ మొదలుపెట్టాక అదీ సరిపోయింది. మిగతా కంప్యూటర్లకూ ఇదే పెడుతున్నాను.