అప్‌డేట్: ఆ పొడి దగ్గు చివరికి న్యుమోనియా అని తేలింది

పద్నాలుగేళ్ల మా అబ్బాయికి మూడు వారాలుగా పొడి దగ్గు, నూటికి అటూఇటూగా జ్వరం ఉన్నాయి, ఇది దుమ్ము ఎలర్జీయేనా అని అడిగాను కదా. ఎక్స్‌రే తీయించమన్నవారికి దండం.

వాడికి కఫం లేదు, ఆయాసం లేదు. బడికి వెళ్తున్నాడు, సాయంత్రం క్రికెట్ కూడా. రాత్రి పడుకుంటే మాత్రం దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. స్టెతస్కోపు పెట్టి చూస్తే ఛాతీ దాదాపు శుభ్రంగానే ఉందన్నారు. ఎక్స్‌రేలో చూస్తే రెండు వైపులా మసక మచ్చలు! మైకోప్లాస్మా అనే బాక్టీరియా కావచ్చన్నారు, పరీక్షలోనూ అదే తేలింది.

మొదట వాడిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది. ఆ మందు బాక్టీరియా కణకవచాన్ని, అంటే కణం చుట్టూ ఉండే గోడను, దెబ్బతీస్తుంది. ఈ సూక్ష్మజీవికి అసలు కణకవచమే లేదు. లేని గోడను ఎలా పగలగొడుతుంది? అజిత్రోమైసిన్‌కు మార్చారు. మూడో రోజుకు జ్వరం పోయింది. దగ్గు పూర్తిగా తగ్గడానికి ఇంకొన్ని వారాలు పడుతుందట.

ఇప్పుడు వాడి చెల్లెలు దగ్గుతోంది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి రెండు మూడు వారాల తేడాతో రావడం మామూలేనట. తులసి కషాయం పక్కన పెట్టి రేపు పొద్దున్నే తీసుకువెళ్తున్నాను.