సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో సగం అంకెలు బోల్డ్‌లో వచ్చాయి, ముందు దేని సంగతి చూడాలి?

సన్నజాజి: చెల్లికి 22 ఏళ్లు, నీరసమంటే టెస్ట్ చేయించాం. హిమోగ్లోబిన్ 10.8, ఎర్రకణాలు 5.6 మిలియన్లు, ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 62, ప్లేట్‌లెట్లు 82 వేలు, లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) 46 శాతం. డాక్టర్ సోమవారం గానీ దొరకరు. ఒకటే టెన్షన్.

ముక్కుసూటి: ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉండాలి. 82 వేలు పెట్టుకుని సోమవారం దాకా ఆగుతారా?

ఊదామూత: ఆగండి బాబూ, కంగారు పెట్టకండి. జ్వరం లేదు, రక్తస్రావం లేదు అంటే ముందు స్మియర్, అంటే స్లైడ్ మీద పూసిన రక్తాన్ని మైక్రోస్కోప్‌లో చూడాలి. ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి రక్తంలో దానివల్లే ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి. మెషీన్ ఆ గుంపుల్ని లెక్కలోంచి వదిలేస్తుంది. రిపోర్టు అడుగున ‘క్లంప్స్’ అని ఉందేమో చూడండి.

ముక్కుసూటి: అంత ఖరీదైన మెషీన్‌కి లెక్క రాదా?

ఊదామూత: అది కణం సైజు చూసి లెక్కపెడుతుంది. గుంపు పెద్దగా ఉంటే దానికి ప్లేట్‌లెట్‌లా కనిపించదు. నేను ల్యాబ్‌లోనే తలనెరిసినవాణ్ని. నీలిమూత సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీయించి, వచ్చిన అంకెని 1.1తో గుణించాలి. అందులో ద్రవం ఉంటుంది కాబట్టి రక్తం కాస్త పలచబడుతుంది.

రాత్రిడ్యూటీ: మా బావమరిదికి ఇలాగే ‘క్లంప్సే’ అని కొట్టిపారేశారు. స్లైడ్ ఎవరూ చూడలేదు. తర్వాత కాళ్ల మీద ఎర్రచుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం. నిజంగానే తగ్గాయి.

ఊదామూత: స్లైడ్ చూడమనే కదా నేను మొత్తుకునేది!

కోడలుపిల్ల: అందరూ ప్లేట్‌లెట్ల మీదే పడ్డారు. ఎంసీవీ 62ని ఎర్రకణాల 5.6తో భాగిస్తే 11. పదమూడు కంటే తక్కువ వస్తే థలసీమియా మైనర్‌ని (పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ లోపంలో తేలిక రకం) అనుమానించాలి. నాకు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే టెస్ట్) చూడకుండానే నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగించారు, కడుపునొప్పి తప్ప ఒరిగిందేమీ లేదు. చివరికి హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసే ఎలక్ట్రోఫోరెసిస్ టెస్టులో ఏ2 అనే రకం 3.5 శాతం దాటి, థలసీమియా మైనర్ అని తేలింది. పెళ్లికి ముందే తెలుసుకోండి, అబ్బాయికీ ఉంటే పిల్లలకి ప్రమాదం.

ముక్కుసూటి: రిపోర్టు అడిగితే సంబంధాల దాకా వెళ్లారే!

కోడలుపిల్ల: మీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది.

ఊదామూత: ఆ భాగహారం ఊహకే, నిర్ధారణకి కాదు. పైగా ఐరన్ బాగా తక్కువుంటే ఏ2 కూడా తగ్గి కనిపిస్తుంది. ముందు ఫెరిటిన్.

సన్నజాజి: అడుగున సన్న అక్షరాల్లో ‘క్లంప్స్ సీన్’ అని ఉంది! చుక్కలు, రక్తం ఏమీ లేవు. మరి లింఫోసైట్లు?

రాత్రిడ్యూటీ: శాతం వదిలేయండి. మొత్తం తెల్లకణాలెన్ని? ఆరువేలైతే అందులో 46 శాతం 2760, మామూలే.

అరవైదాటినవాడు: నా ఈఎస్ఆర్ (ఎర్రకణాలు గొట్టంలో కిందికి దిగే వేగం) 38. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

ఊదామూత: అది సీబీసీలో భాగం కాదండీ. వేరే చర్చ పెట్టండి.

అరవైదాటినవాడు: పెట్టాను. అక్కడా ప్లేట్‌లెట్ల గొడవే.