వీటోను దాటి మానవ హక్కులను కాపాడే దారి ఉందా?

అందరికీ నమస్కారం. ఐక్యరాజ్యసమితి సంస్కరణల గురించి కొన్ని నెలలుగా చదువుతున్నాను. ఒకచోట ముందుకు పోలేకపోతున్నా, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

2014 మే 22న సిరియాలో జరుగుతున్న దారుణాలను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు అప్పగించాలన్న తీర్మానం భద్రతా మండలిలో ఓటింగుకు వచ్చింది. అనుకూలంగా 13 చేతులు లేచాయి. వ్యతిరేకంగా రెండే, రష్యా, చైనా. కానీ ఈ రెండూ మండలి శాశ్వత సభ్యదేశాలు; వాటిలో ఏ ఒక్కటి వ్యతిరేకించినా ముఖ్యమైన తీర్మానం ఆగిపోతుంది, దీన్నే వీటో అంటారు. అలా తీర్మానం వీగిపోయింది. జైళ్లలో చిత్రహింసలు పడుతున్నవాళ్ల గతేమిటని ఆలోచిస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పోనీ వీటో తీసేద్దామంటే, ఐక్యరాజ్యసమితి మూల ఒప్పందమైన చార్టర్ 108వ అధికరణం ప్రకారం ఏ సవరణకైనా మూడింట రెండొంతుల సభ్యదేశాలు ఒప్పుకోవాలి, వాటిలో ఐదు శాశ్వత సభ్యదేశాలూ (అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్) ఉండి తీరాలి. దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టుంది. 1965లో మండలి సభ్యుల సంఖ్య 11 నుంచి 15కు పెరిగినా వీటో జోలికి ఎవరూ పోలేదు.

2022లో ఒక మార్పు వచ్చింది. ఎవరు వీటో వాడినా 10 పనిదినాల్లోగా, సభ్యదేశాలన్నీ ఉండే జనరల్ అసెంబ్లీ దానిపై చర్చించాలి. మంచిదే, కానీ చర్చతో బాధితులకు ఒరిగేదేమిటి?

సామూహిక హత్యాకాండ జరుగుతున్నప్పుడు వీటోను పక్కన పెడదామని ఫ్రాన్స్, మెక్సికో కోరుతున్నాయి. మిగతా నాలుగు శాశ్వత సభ్యదేశాలను అందుకు ఒప్పించే ఒత్తిడి ఎక్కడి నుంచి రావాలి? లేక వీటో వల్ల మండలి స్తంభిస్తే అసెంబ్లీ కలగజేసుకోవచ్చన్న 1950 నాటి ‘శాంతి కోసం ఐక్యత’ తీర్మానం ద్వారా అసెంబ్లీనే బలపరచడం మేలా? మండలిలో కొత్తగా చేరే శాశ్వత సభ్యులకూ వీటో ఇవ్వాలనే వాదన మాత్రం నాకు భయం పుట్టిస్తోంది. నా భయం తప్పయితే ఎందుకు తప్పో వివరంగా చెప్పండి.