గుండె వేగాన్ని బట్టి చూపే క్యాలరీల లెక్క ఎంతవరకు సరైనది?

ప్రశ్న: ఉదయగమనం

నమస్కారం. నా వయసు 40, బరువు 70 కిలోలు. ట్రెడ్‌మిల్ మీద గంటకు 9 కిలోమీటర్ల వేగంతో అరగంట పరుగెత్తితే నా సగటు గుండె వేగం నిమిషానికి 150 దగ్గర ఉంటుంది. ఛాతీకి కట్టుకునే పట్టీ, చేతికి పెట్టుకునే స్మార్ట్ వాచ్ రెండూ ఈ విషయంలో ఒకటి రెండు స్పందనల తేడాతో ఒకే మాట చెబుతాయి. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేని దారి దానిదే. పట్టీకి జతచేసిన ఫోన్ యాప్ 440 అంటుంది, వాచ్ 390 అంటుంది, ట్రెడ్‌మిల్ తెర 350 చూపిస్తుంది. గుండె వేగాన్ని ఇంత చక్కగా పట్టుకోగలిగిన పరికరాలు, ఖర్చయిన శక్తి విషయంలో ఇలా విడిపోవడానికి కారణమేమిటి? వీటిలో దేన్ని నమ్మాలి? బరువులెత్తే రోజుల్లో చూపే అంకెల సంగతి ఏమిటి? బరువు తగ్గాలన్న ప్రయత్నంలో ఉన్నాను, ఈ అంకెలను చూసే ఆహారం ఎంత తీసుకోవాలో నిర్ణయించుకుంటున్నాను. కనుక తొంభై క్యాలరీల తేడాను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

జవాబు: శ్వాసమాపకం

ఉదయగమనం గారూ, మీ పట్టీ, వాచ్ గుండె వేగాన్ని కొలుస్తాయి, క్యాలరీలను అంచనా వేస్తాయి. శరీరం ఎంత శక్తి ఖర్చు చేసిందో సరిగా తెలియాలంటే అది వాడుకున్న ఆక్సిజన్‌ను కొలవాలి. ప్రయోగశాలల్లో ముఖానికి మాస్కు తగిలించి పరుగెత్తించేది అందుకే. లీటరు ఆక్సిజన్ వాడకానికి సుమారు 5 కిలోక్యాలరీలు, అంటే మనం మామూలుగా క్యాలరీలని చెప్పుకునేవి, విడుదలవుతాయి. కాలుతున్నది కొవ్వా, పిండిపదార్థమా అన్నదాన్ని బట్టి ఇది 4.7 నుంచి 5.05 వరకు మారుతుంది కానీ ఆ తేడాతో మనకు పెద్దగా పని లేదు.

మాస్కు లేనప్పుడు ఆక్సిజన్‌ను ఊహించడానికి గుండె వేగం పనికివస్తుంది. నిలకడగా సాగే పరుగు, సైకిల్ తొక్కడం వంటి వ్యాయామాల్లో, ఒక మోస్తరు తీవ్రత దాటాక, ఈ రెండూ దాదాపు సరళరేఖలో కలిసి పెరుగుతాయి. చిక్కల్లా ఆ రేఖ ఎక్కడ మొదలవుతుంది, ఎంత ఏటవాలుగా ఉంటుంది అన్నది మనిషికీ మనిషికీ మారిపోవడమే. శరీరం నిమిషానికి వాడుకునే ఆక్సిజన్ అంటే, గుండె వేగం, ఒక్కో స్పందనకు గుండె బయటికి పంపే రక్తం, ఆ రక్తం నుంచి కణజాలం తీసుకోగలిగిన ఆక్సిజన్, ఈ మూడింటిని గుణిస్తే వచ్చే మొత్తం. మీ పట్టీకి వీటిలో మొదటిదొక్కటే తెలుసు. మిగిలిన రెండింటి స్థానంలో మీ వయసు, బరువు, స్త్రీయా పురుషుడా అన్న వివరాలను పెట్టుకుని సర్దుకుంటుంది.

2005లో కీటెల్ బృందం ప్రచురించిన సమీకరణం ఇలాంటి లెక్కలకు బాగా వాడుకలో ఉంది. పురుషుల విషయంలో గుండె వేగాన్ని 0.6309తో, బరువును 0.1988తో, వయసును 0.2017తో గుణించి, మూడింటినీ కూడి, అందులోంచి 55.0969 తీసివేస్తే నిమిషానికి ఖర్చయ్యే కిలోజౌళ్లు వస్తాయి. వాటిని 4.184తో భాగిస్తే కిలోక్యాలరీలు. మీ వివరాలు వేసి చూస్తే నిమిషానికి 14.7, అరగంటకు 441 వచ్చింది. మీ యాప్ దీన్నో, దీని తోబుట్టువునో వాడుతోందని నా అనుమానం.

ట్రెడ్‌మిల్‌కు మీ గుండెతో నిమిత్తం లేదు. చదునైన ట్రెడ్‌మిల్ మీద పరుగుకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన సూత్రం ప్రకారం, నిమిషానికి ఎన్ని మీటర్లు పరుగెత్తుతున్నారో దాన్ని 0.2తో గుణించి 3.5 కలిపితే కిలో బరువుకు నిమిషానికి కావలసిన ఆక్సిజన్ మిల్లీలీటర్లలో తెలుస్తుంది. మీ వేగం నిమిషానికి 150 మీటర్లు, కనుక 33.5 మిల్లీలీటర్లు. 70 కిలోలకు అది 2.3 లీటర్లు దాటుతుంది, అరగంటకు సుమారు 350 క్యాలరీలవుతుంది.

ఇప్పుడు మీ వయసు, మీ బరువే ఉన్న ఇద్దరు మీ పక్కన అదే వేగంతో పరుగెడుతున్నారనుకోండి. ఏళ్ల తరబడి సాధన చేసిన వ్యక్తి గుండె 130 దగ్గర కొట్టుకుంటుంది, కొత్తగా మొదలుపెట్టిన వ్యక్తి గుండె 165 దగ్గర. మోసుకెళ్లే బరువూ వేగమూ ఒకటే కాబట్టి ఇద్దరికీ కావలసిన ఆక్సిజన్‌లో పెద్ద తేడా ఉండదు. అయినా కీటెల్ సమీకరణం మొదటి వ్యక్తికి 350, రెండో వ్యక్తికి దాదాపు 510 చూపిస్తుంది. ఆ 160 క్యాలరీలు ఎక్కడా ఖర్చు కాలేదు. అందువల్ల చదునుగా, నిలకడగా సాగే పరుగు వరకు నేను ట్రెడ్‌మిల్ వైపే మొగ్గుతాను. అందులో మీ బరువు నమోదు చేసి ఉండాలి, పక్కనున్న కమ్మీలను పట్టుకోకూడదు.

జవాబు: ఇనుపకడ్డీ

బరువులెత్తే రోజున చూపే అంకెను అసలు లెక్కలోకి తీసుకోకండి. ఊపిరి బిగబట్టి బరువు ఎత్తినప్పుడు బిగుసుకున్న కండరం తనలోని రక్తనాళాలను నొక్కేస్తుంది, నాడీవ్యవస్థ రక్తపోటునూ గుండె వేగాన్నీ ఒక్కసారిగా పెంచుతుంది, కానీ ఆక్సిజన్ వాడకం ఆ మేరకు పెరగదు. కాళ్లతో చేసే పనికన్నా చేతులతో చేసే పనికి, ఆక్సిజన్ వాడకం సమానంగా ఉన్నా, గుండె ఎక్కువ వేగంగా కొట్టుకుంటుంది. ఇవేవీ తెలియని సూత్రం ఆ స్పందనలన్నిటినీ పరుగు కిందే జమకడుతుంది.

వాచ్‌తో మరో తంటా ఉంది. అది చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, తిరిగివచ్చే కాంతిలో రక్తప్రవాహం వల్ల కలిగే హెచ్చుతగ్గులను చదువుతుంది. కడ్డీని బిగించి పట్టుకుని మణికట్టు వంచితే ఆ సంకేతమే చెడిపోతుంది. పరుగులో కూడా వాచ్ పట్టీ వదులుగా ఉంటే ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. నిమిషానికి 170 అడుగులు వేసేవారికి గుండె వేగం కూడా 170 అని చూపిస్తే ముందు అనుమానించవలసింది దాన్నే.

జవాబు: రెండుచక్రాలు

2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మంది చేత, మణికట్టుకు పెట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగం విషయంలో ఆరు పరికరాల పొరపాటు 5 శాతం లోపే ఉంది. శక్తి ఖర్చు విషయంలో అన్నిటికన్నా మెరుగైనది సగటున 27 శాతం, అన్నిటికన్నా అధ్వానమైనది 93 శాతం తప్పింది. అవి పాత నమూనాలే, ఇప్పటివాటికి ఆ అంకెలను అలాగే అంటగట్టడం న్యాయం కాదు. అయితే శ్వాసమాపకం గారు చెప్పిన మూల సమస్య సెన్సర్ బాగుపడినంత మాత్రాన పోయేది కాదు.

సైకిల్ తొక్కేవారు ఈ విషయంలో అదృష్టవంతులు. పెడల్ మీద పెట్టే శక్తిని నేరుగా కొలిచే పవర్ మీటర్ ఉంటే, గంటసేపు సగటున 150 వాట్లు తొక్కినప్పుడు చేసిన పని 540 కిలోజౌళ్లని ఖచ్చితంగా తెలుస్తుంది. శరీరం ఖర్చు చేసే శక్తిలో 20 నుంచి 25 శాతం మాత్రమే పెడల్‌కు చేరుతుంది, కిలోక్యాలరీకి 4.184 కిలోజౌళ్లు. ఈ రెండూ దాదాపు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి గనుక తెర మీది కిలోజౌళ్లనే క్యాలరీలుగా చదువుకున్నా పెద్దగా తేడా రాదు.

ప్రశ్న: ఉదయగమనం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంకో మూడు సందేహాలున్నాయి. 350ని పూర్తిగా వ్యాయామం ఖాతాలో వేసుకోవచ్చా? గాలి ఆడని గదిలో పరుగెత్తిన రోజున యాప్ అంకె ఇంకా పెరుగుతోంది, అది నిజమైన ఖర్చేనా? మా అన్నయ్య రక్తపోటుకు బీటా బ్లాకర్ మందు వాడుతూ నడకకు ఇదే వాచ్ పెట్టుకుంటారు, ఆయనకు ఈ లెక్క పనికివస్తుందా?

జవాబు: శ్వాసమాపకం

పూర్తిగా వేసుకోకూడదు. ఊరికే కూర్చున్నా 70 కిలోల మనిషికి గంటకు సుమారు 70 క్యాలరీలు ఖర్చవుతాయి. అరగంటకు 35 తీసివేస్తే పరుగు వల్ల అదనంగా ఖర్చయినది 315 మాత్రమే, అంటే కిలోమీటరుకు, కిలో బరువుకు ఒక క్యాలరీ చొప్పున. యాప్ చెప్పిన 440ని నమ్మి అంత ఆహారం అదనంగా తీసుకుంటే మీ ప్రయత్నం చాలావరకు అక్కడే కరిగిపోతుంది. పరికరాన్ని రోజంతా ధరించేవారు ఇంకో విషయం గమనించాలి. గుండె వేగం 65 ఉండగా మీరు కదలకుండా కూర్చున్నప్పుడు కీటెల్ సమీకరణాన్ని వేస్తే గంటకు 110 దాటుతుంది. అది వ్యాయామానికి తయారైన లెక్క, విశ్రాంతికి వర్తించదు.

వేడి గదిలో పెరిగిన అంకెలో చాలా భాగం భ్రమే. చెమటతో రక్తంలోని ద్రవం తగ్గి, శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లేకొద్దీ ఒక్కో స్పందనకు బయటికి వెళ్లే రక్తం తగ్గుతుంది. ఆ లోటును గుండె వేగం పెంచి పూడ్చుకుంటుంది. ఒకే వేగంతో చాలాసేపు పరుగెత్తినప్పుడు చివరి నిమిషాల్లో గుండె వేగం మెల్లగా పైకి జరగడానికి కూడా కారణం ఇదే. మీ గుండె వేగం సగటున 10 స్పందనలు పెరిగితే సమీకరణం అరగంటకు 45 క్యాలరీలు అదనంగా చూపిస్తుంది. మీ యాప్‌లో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని నమోదు చేసే వీలుంటే, ప్రయోగశాలలో కొలిపించి ఆ అంకె ఇవ్వండి. కీటెల్ బృందం లెక్కలోనే ఆ ఒక్క వివరం చేరడంతో శక్తి ఖర్చులోని తేడాల్లో సమీకరణం వివరించగలిగిన భాగం 73 శాతం నుంచి 83 శాతానికి పెరిగింది.

మీ అన్నయ్యగారి విషయంలో పొరపాటు ఎదురు దిశలో ఉంటుంది. బీటా బ్లాకర్ గుండె వేగాన్ని అణచి ఉంచుతుంది. అదే వేగంతో నడవడానికి కావలసిన ఆక్సిజన్ తగ్గదు గనుక ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపి గుండె సర్దుకుంటుంది. వాచ్‌కు ఇది తెలియక ఖర్చును తక్కువగా చూపిస్తుంది. 220 నుంచి వయసు తీసివేసి గరిష్ఠ గుండె వేగాన్ని అంచనా కట్టే పద్ధతి కూడా ఆయనకు వర్తించదు, అలా నిర్ణయించిన లక్ష్యాన్ని అందుకోవాలని శ్రమపడడం ప్రమాదకరం. ఆయన దూరం, వేగం, బరువులను బట్టి లెక్కించే అంచనాను చూసుకోవడం మేలు, ఎంత తీవ్రతతో నడవాలన్నది మందు రాసిన వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.