చర్చ: పోచంపల్లి చేనేత వ్యాపారం ఇకనైనా మారాలా, వద్దా?

భువనగిరి_వస్త్రాలయం: మన చిటికి (ఇక్కత్) డిజైన్‌ను గుడ్డ మీద ప్రింట్ వేసి కొన్ని వందలకే అమ్ముతున్నారు. ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయి. మనది చేత్తో నేసిందని కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది? చీరకు క్యూఆర్ కోడ్ ఉండాలి, అందులో నేసినవాళ్ల పేరు, నేస్తున్న వీడియో పెట్టాలి, ఆన్‌లైన్‌లో అమ్మాలి. షాపులో కూర్చుని ఎదురుచూస్తే గిరాకీ రాదు.

పుట్టపాక_నేతన్న: కొన్ని రకాల బట్టలు చేతి మగ్గం మీదే నేయాలనే రిజర్వేషన్ చట్టం 1985 నుంచి ఉంది. ముందు అది అమలు చేయించండి. మారాల్సింది మేమా?

భువనగిరి_వస్త్రాలయం: నలభై ఏళ్లుగా చట్టం ఉంది కదా అన్నా, నకిలీ ఆగిందా? మార్పు వద్దంటే నూలును మేకుల చుట్టూ పోసే ఆసు మెషిన్ కూడా వద్దనాలి. చింతకింది మల్లేశం గారు 1999లో అది తయారు చేయకపోతే ఇంకా చేత్తోనే ఆసు పోసేవాళ్లం.

చౌటుప్పల్_కుర్రోడు: ఆసు మెషిన్ కరెంటుతో నడుస్తుంది. మరి అది చేనేత ఎలా అవుతుంది?

భువనగిరి_వస్త్రాలయం: తమ్మీ, ఆసు మగ్గం ఎక్కకముందు పని. నేసేది చేతి మగ్గం మీదే.

చౌటుప్పల్_కుర్రోడు: కరెంటు కరెంటే కదన్నా.

పుట్టపాక_నేతన్న: ఆసు సంగతి వదిలెయ్. నీకు మగ్గం ఉందా? షాపు ఉన్నవాడికి మార్పు గురించి చెప్పడం తేలికే.

ఆలేరు_అక్క: ఆసును తక్కువ చేసి మాట్లాడకండి. చేత్తో పోస్తే ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి మేకుల చుట్టూ తిరగాలి. మా అమ్మ భుజం అందులోనే పోయింది, ఇప్పటికీ జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు. మెషిన్ రావడం మంచిదే. కానీ మిగిలిన టైంలో ఇంకో చీరకు ఆసు పోస్తున్నాం, చీరకిచ్చే కూలీ మాత్రం పెరగలేదు. పోయినేడు మా సేటు ఆన్‌లైన్‌లో అమ్మిన చీర మరకతో వాపస్ వచ్చింది. ఆ నష్టం మా కూలీలో కోశాడు. మార్పు మీది, నష్టం మాదా?

పుట్టపాక_నేతన్న: అదీ అసలు సంగతి!

భువనగిరి_వస్త్రాలయం: కూలీలో కోయడం తప్పే అక్కా, నేనైతే కోయను. కానీ నూలు, రంగులు, పట్టు నేనే అప్పు తెచ్చి ఇస్తాను. సరుకు అమ్ముడుపోకపోతే వడ్డీ నాదే కదా!

ఆలేరు_అక్క: కాదనను. అయితే ఒక పని చెయ్యన్నా. క్యూఆర్ కోడ్‌లో నేసినవాళ్ల పేరు, వీడియో పెడతానన్నావు కదా, నేత కూలీ ఎంతో కూడా పెట్టు.

భువనగిరి_వస్త్రాలయం: అది కుదరదక్కా. పక్క షాపువాళ్లకు మన లెక్కలన్నీ తెలిసిపోతాయి. కొనేవాళ్లు బేరం మొదలుపెడతారు.

పుట్టపాక_నేతన్న: అందుకే మేం ఒప్పుకోవట్లేదు. మా ముఖం, మా మగ్గం వీడియోలో చూపిస్తావు, మా కూలీ మాత్రం దాస్తావు.

ఆలేరు_అక్క: నేను ఆన్‌లైన్ అమ్మకాలు వద్దనట్లేదు. వాపస్ నష్టం నేతగాళ్ల మీద పడదని, ధర పెరిగితే కూలీ కూడా పెరుగుతుందని కాగితం మీద రాసివ్వండి. రేపటి నుంచే వీడియో తీసుకోండి.

భువనగిరి_వస్త్రాలయం: వాపస్ సంగతి రాసిస్తాను. కూలీ సంగతి నేనొక్కడినే రాసిస్తే మిగతా షాపుల ముందు నిలబడలేను. అందరూ ఒప్పుకోవాలి.

పుట్టపాక_నేతన్న: అయితే ముందు మీ షాపులోళ్లందరినీ ఒప్పించి రా.