భీమవరం జాబ్ మేళాకి వెళ్తున్నానండి, ఈసారైనా ఉపయోగం ఉండాలంటే ఏం చెయ్యాలి?

సఖినేటిపల్లి అమ్మాయి:
అందరికీ నమస్కారమండి. పోయినేడు బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యింది, ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. వచ్చే శనివారం భీమవరంలో ఒక కాలేజీలో జాబ్ మేళా అని వాట్సాప్‌లో పోస్టర్ తిరుగుతోంది. ఇదివరకు అమలాపురంలో ఒకదానికి వెళ్ళి పదకొండు చోట్ల రెజ్యూమేలు ఇచ్చి వచ్చాను, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఫోన్ చెయ్యలేదు. ఈసారి కూడా ఉత్త చేతులతో వస్తే మా అమ్మ ఇక పంపదు. అసలు వెళ్ళడమే దండగా, నేనే ఏమైనా తప్పు చేస్తున్నానా?

గోదారిగట్టు:
దండగేం కాదు చెల్లీ, పదకొండు చోట్ల ఇవ్వడమే తప్పు. నేను నాలుగు మేళాలు తిరిగాను. ఒకచోట బల్ల కింద అట్టపెట్టె పెట్టుకుని వచ్చిన రెజ్యూమేలన్నీ అందులో పడేస్తున్నారు, మధ్యాహ్నానికి అది నిండి పైకాగితాలు జారిపోతుంటే కూర్చున్నాయన చెప్పుకాలితోనే లోపలికి తోశాడు, నాది కూడా అందులోనే ఉంది. అందుకని లైన్లో నిలబడే ముందే అడిగెయ్యి, "ఇంటర్వ్యూ ఇవాళ ఇక్కడే చేస్తారాండీ?" అని. కాగితం ఇచ్చి వెళ్ళమంటే ఆ బల్ల ఆఖర్న చూసుకోవచ్చు.

రిజిస్ట్రేషన్ దగ్గర ఏ కంపెనీకి ఏ చదువు కావాలో జాబితా అంటించి ఉంటుంది, దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని ఓ పక్కన నిలబడి చదువు. ఇన్సూరెన్సు, లోన్ల కలెక్షను, సేల్సు తీసేస్తే మీ కెమిస్ట్రీకి మిగిలేవి మూడో నాలుగో. వాటికి పొద్దున్నే, జనం చేరకముందే వెళ్ళాలి. మొదటి పంటుకే, అదే రేవు పడవకే, గోదారి దాటెయ్యి. వరదనీళ్ళొచ్చి పంటు ఆపేస్తే దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు నుంచి రావాలి, ఆ చుట్టుకి టైం ఉంచుకో.

టేబుల్ అవతల:
నేను ఇలాంటి మేళాల్లో కంపెనీ తరఫున కూర్చున్నవాణ్ణేనమ్మా. ఉన్నమాట చెప్తాను, రెజ్యూమే పైన రాసుకునే ఆ ఆబ్జెక్టివ్ పేరా మేం చదవం, అందరిదీ ఒకే నెట్ సెంటర్లో కొట్టించినట్టు ఒకేలా ఉంటుంది. అది తీసేసి ఏ పోస్టుకి వచ్చారో పెద్దక్షరాలతో రాయండి, కింద ల్యాబ్‌లో మీ చేత్తో చేసిన ప్రాక్టికల్స్ రాయండి. ఒక్క పేజీ చాలు. మాట్లాడుతూ ఆ కాగితం మూలన నేను రెండు ముక్కలు రాసుకుంటాను, "షిఫ్టు ఓకే", "హాస్టల్ కావాలి" ఇలాగ. సాయంత్రం ఎంచేటప్పుడు ఆ ముక్కలే చూస్తాం, మార్కుల వరకూ వెళ్ళం. "ఏ ఉద్యోగమైనా పర్లేదండి" అన్నవాళ్ళ మూల ఖాళీగా ఉండిపోతుంది. ఇంకో సంగతి, తర్వాత మేం ఫోన్ చేస్తే కొత్త నంబరని ఎత్తనివాళ్ళు బోలెడుమంది. మీకు అమలాపురం నుంచి ఫోన్ రాలేదో, వచ్చినా మీరు ఎత్తలేదో ఒకసారి చూసుకోండి.

సఖినేటిపల్లి అమ్మాయి:
అయ్యబాబోయ్, రెండుసార్లు ఏదో నంబరు నుంచి వస్తే లోన్ వాళ్ళనుకుని కట్ చేశానండి!

పరవాడ షిఫ్టు:
నేను బీఎస్సీ కెమిస్ట్రీతోనే ఇక్కడ పరవాడలో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో చేస్తున్నాను. అడిగేవి మరీ కష్టంగా ఉండవు, మొలారిటీకి నార్మాలిటీకి తేడా, బఫర్ అంటే ఏంటి, టైట్రేషన్‌లో ఇండికేటర్ ఎందుకు, మిశ్రమాల్ని విడదీసి చూసే మిషను హెచ్‌పీఎల్‌సీలో పదార్థాలు ఎలా విడిపోతాయి, ఇలాంటివే. హెచ్‌పీఎల్‌సీ ముట్టుకోకపోతే ముట్టుకోలేదనే చెప్పు, వచ్చని చెప్పి తర్వాతి ప్రశ్నకి దొరికిపోవద్దు.

జీతం విషయంలో మాత్రం మొహమాటపడకు. ఫ్లెక్సీ మీద 18,000 అని వేస్తే అది సీటీసీ, అంటే నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్ 12,000 అనుకో, కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం 1,440, వైద్యం బీమాకి కంపెనీ కట్టే ఈఎస్ఐ, బేసిక్ మీద కాదు మొత్తం జీతం మీద, 3.25 శాతం అంటే ఓ 520, రెండూ అందులో కలిపేసే చెప్తారు. మిగిలిన 16,000 చిల్లరలోంచి నీ పీఎఫ్ మరో 1,440, నీ ఈఎస్ఐ 120, వృత్తిపన్ను 150 పోగా చేతికొచ్చేది 14,300 దగ్గర. అందులోంచే హాస్టల్, భోజనం. పీఎఫ్ ఎక్కడికీ పోదులే, నీదే, కానీ నెలాఖరుకి అక్కరకు రాదు కదా. అందుకని "చేతికెంత వస్తుందండీ, వసతికి ఎంత పట్టుకుంటారు" అని అడుగు. అప్రెంటిస్ అంటే స్టైపెండ్, ఎన్నాళ్ళో కూడా కనుక్కో.

గోదారిగట్టు:
ఎవరి రోల్స్ మీద, అంటే కంపెనీ ఉద్యోగిగానా కాంట్రాక్టరు మనిషిగానా, తీసుకుంటున్నారో కూడా అడగాలి చెల్లీ. నాకు జరిగిందే చెప్తున్నా. ఫ్లెక్సీ మీద పెద్ద కంపెనీ పేరు, సెలెక్టయ్యానని ఇంట్లో పూతరేకులు పంచారు. తీరా గేటు దగ్గర ఇచ్చిన కార్డు మీద ఎవరో కాంట్రాక్టరు పేరు, చెప్పిన జీతంలోంచి బస్సుకీ భోజనానికీ కోత. ఇరవైనాలుగు రోజులు చేసి వచ్చేశాను, ఆ రోజుల డబ్బులు ఇంకా రాలేదు. కాంట్రాక్టయితే చెడ్డదని కాదు, ముందే తెలిస్తే మన లెక్క మనం చూసుకుంటాం. రిజిస్ట్రేషన్ ఫీజనీ డిపాజిట్టనీ ఎవరైనా అడిగితే మాత్రం మారుమాట్లాడకుండా వచ్చెయ్.

సఖినేటిపల్లి అమ్మాయి:
మా అమ్మ తోడొస్తానంటోంది. బాగోదేమో కదండి?

పరవాడ షిఫ్టు:
తప్పకుండా తీసుకురా. ఇంటర్వ్యూ బల్ల దగ్గర నువ్వొక్కదానివే కూర్చో, అయ్యాక హాస్టల్ ఎంత దూరం, రాత్రి షిఫ్టుకి బస్సు గుమ్మం దాకా వస్తుందా అని ఆవిడ చేతే అడిగించు. మా అమ్మ అడిగింది కాబట్టే నన్ను పంపింది.

సఖినేటిపల్లి అమ్మాయి:
నిన్న వెళ్ళొచ్చానండి. మూడే మూడు బల్లలు. ఒకటి కాగితాలు పోగేసేదే, వదిలేశాను. రెండోదాంట్లో నార్మాలిటీ అడిగారు, చెప్పాను, హెచ్‌పీఎల్‌సీ చూడలేదని చెప్పేస్తే నేర్పిస్తాంలే అన్నారు. కంపెనీ రోల్సేనట, చేతికి 13,800, హాస్టల్‌కి 1,500 పట్టుకుంటారట. మా అమ్మ బస్సు గురించి అడుగుతూ డ్రైవరు ఏ ఊరివాడని కూడా అడిగింది, నాకు తల కొట్టేసినట్టయ్యింది, బల్ల దగ్గరాయన మాత్రం నవ్వుతూనే చెప్పాడు. బుధవారం ప్లాంటు దగ్గర రెండో రౌండ్, ఒరిజినల్స్ తెమ్మన్నారు. ఇవ్వొచ్చాండి?

టేబుల్ అవతల:
పట్టుకెళ్ళండి, చూపించండి, వెనక్కి తెచ్చేసుకోండి. నన్నయ యూనివర్సిటీ ప్రొవిజనల్, మార్కుల మెమోలు, ఆధార్, పాన్ రెండేసి సెట్లు జెరాక్సు తీయించి, ప్రతిదాని మీద ఏ కంపెనీకి ఇస్తున్నారో తేదీతో రాసి సంతకం పెట్టి అవే ఇవ్వండి. ఒరిజినల్స్ మా దగ్గరే ఉంచుతాం అంటే ఎందుకో రాసిమ్మని అడగండి, ఇంటికి ఫోన్ చెయ్యకుండా మాత్రం ఒప్పుకోకండి. ఈలోపు కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తండమ్మా.