ఎమ్మెల్యే గారి అసలు పని ఏది? మా వాగు మీద వంతెన కోసం ఇచ్చిన వినతిపత్రం ఎక్కడికి వెళ్తుంది?

ప్రశ్న అడిగినవారు: వాగు అవతలి ఊరివాడు

మాది ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని ఒక మారుమూల మండలం. మా ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లాలంటే వాగు మీద ఉన్న పాత చప్టా ఒక్కటే దారి. వానాకాలంలో వాగు పొంగినప్పుడల్లా రాకపోకలు ఆగిపోతాయి కనుక, నెలలు నిండిన గర్భిణులను ముందుగానే అవతలి ఒడ్డున బంధువుల ఇళ్లలో ఉంచుతున్నాము. హైలెవల్ వంతెన కట్టించమని మా ఎమ్మెల్యే గారికి పలుమార్లు వినతిపత్రం ఇచ్చాము. ఆయన ప్రతిసారీ మర్యాదగానే తీసుకుని, చదివి, పక్కనున్న పీఏ గారి చేతికి ఇస్తారు. ఆ తర్వాత దాని జాడ తెలియదు.

ఆయన పని చేయరని నా ఆరోపణ కాదు. పెళ్లిళ్లు, దశదిన కర్మలు, సీసీ రోడ్ల శంకుస్థాపనలు, కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ, ఆస్పత్రిలో పరామర్శలు, ఇలా పొద్దున్నుంచి రాత్రి దాకా తీరిక లేకుండానే తిరుగుతుంటారు. కానీ శాసనసభ్యుడంటే చట్టాలు చేసేవాడనీ, బడ్జెట్‌ను పరిశీలించేవాడనీ, ప్రభుత్వాన్ని ప్రశ్నించేవాడనీ బడిలో చదువుకున్నాము. ఈ రెండింటికీ పొంతన కుదరడం లేదు. ఒక ఎమ్మెల్యే దినచర్య లోపల ఎలా ఉంటుందో, వంతెన మంజూరు చేసే అధికారం అసలు ఆయనకు ఉందో లేదో తెలిసినవారు వివరించగలరని మనవి.

సమాధానం: క్యాంపు కార్యాలయం పాత ఉద్యోగి

నేను కొన్నేళ్లపాటు ఒక ఎమ్మెల్యే గారి దగ్గర పీఏగా పని చేశాను. పార్టీ పేరు, నియోజకవర్గం పేరు ఇక్కడ అనవసరం.

ఉదయం ఏడు గంటలకే క్యాంపు కార్యాలయం వరండా నిండిపోతుంది. వచ్చినవారిలో ఎక్కువమంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఆస్పత్రి బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఆధార్, రేషన్ కార్డు నకళ్లు ఉంటాయి. అవి ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకునే దరఖాస్తులు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచినప్పటికీ, ఆ పథకం కిందికి రాని చికిత్సలు, ఆ జాబితాలో లేని ఆస్పత్రులు చాలానే ఉంటాయి కాబట్టి ఈ వరుస తగ్గలేదు. చికిత్స ఇంకా మొదలు కాని వారైతే నిమ్స్‌లో ఆపరేషన్‌కు ఎల్‌ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆస్పత్రికి ముందుగా ఇచ్చే హామీ పత్రం, ఇప్పించమని వస్తారు. అలాంటి రోజున మిగతా పనులన్నీ పక్కన పెట్టి హైదరాబాద్‌కు ఫోన్లు చేయవలసిందే, ఎందుకంటే రోగి అప్పటికే మంచం మీద ఉంటాడు. వీటి మధ్యలోనే తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖలు, గురుకులంలో సీటు, ఉపాధ్యాయుల బదిలీలు, పట్టాదారు పాసుపుస్తకంలో దొర్లిన తప్పులు, అన్నదమ్ముల గట్టు తగాదాలు, పోలీస్ స్టేషన్ నుంచి ఎవరినో విడిపించమనే ఒత్తిడి కూడా వస్తుంటాయి.

పది గంటల తర్వాత గ్రామాల పర్యటన మొదలవుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పరామర్శలను కాలయాపన అని తీసిపారేయడం సరి కాదు. దశదిన కర్మకు వెళ్లిన ఇంట్లో ఆ మనిషి ఎందుకు చనిపోయాడో తెలుస్తుంది, నూట ఎనిమిది వాహనం ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలుస్తుంది, పింఛను ఎన్ని నెలలుగా ఆగిందో ఆ వీధి మొత్తం చెబుతుంది. మండల సర్వసభ్య సమావేశంలో అధికారులు చదివే ప్రగతి నివేదికలో ఈ సంగతులేవీ ఉండవు. ఒకే తండాలో కిడ్నీ జబ్బుతో చనిపోయినవారి ఇళ్లకు వరుసగా వెళ్లవలసి వచ్చాకే మా ఎమ్మెల్యే గారు డయాలసిస్ కేంద్రం కోసం పట్టుబట్టారు.

అయితే మీ వినతిపత్రం సంగతి వేరు. మేము దాని మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి, సంతకం పెట్టించి, సంబంధిత శాఖ ఇంజనీరుకు పంపిస్తాము. నిజం చెప్పాలంటే, అలాంటి కాగితాలు రోజుకు ఎన్నో వెళ్తాయి కాబట్టి, తర్వాత మళ్లీ అడిగిన కాగితమే కదులుతుంది. సహాయ నిధి దరఖాస్తుదారుడు వారం వారం వస్తాడు. ఊరి తరఫున వచ్చినవారు మాత్రం ఫోటో దిగి వెళ్లిపోతారు, తిరిగి మరుసటి వర్షాకాలంలోనే కనిపిస్తారు.

సమాధానం: నిష్ఠూరవాది

పై వివరణలో వాస్తవం ఉన్నప్పటికీ, అందులో దాగిన ఒక అలవాటును కూడా చెప్పుకోవాలి. కల్యాణలక్ష్మి కింద వచ్చే 1,00,116 రూపాయలు ప్రభుత్వ సొమ్ము. పెళ్లికూతురి తల్లి పేరున వచ్చిన చెక్కును ఫంక్షన్ హాలులో వేదిక మీద ఎమ్మెల్యే చేతుల మీదుగానే ఎందుకు అందించాలి? చెక్కు చెల్లుబాటు తేదీ నుంచి మూడు నెలలే. సారు తీరిక కోసం ఎదురుచూసి చెక్కులు మురిగిపోయిన ఉదంతం మా పక్క మండలంలోనే ఉంది. ఇక ఎమ్మెల్యే ప్రతిపక్షం వారైతే, ఎన్నికల్లో ఓడిన అధికార పార్టీ నియోజకవర్గ ఇన్‌చార్జి మాటే అధికారుల దగ్గర చెల్లుతుంది. హక్కుగా అందవలసిన ప్రతిదానికీ మధ్యలో ఒక మనిషిని నిలబెట్టి, ఆ మనిషికి తీరిక లేదని మనమే జాలిపడుతున్నాము.

మీ ఉమ్మడి జిల్లాలోనే ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు బస్సులో తిరుగుతూ ప్రజల పనులు చేయించారు. వేదికలు, దండలు లేకుండానే అది సాధ్యమైంది.

సమాధానం: విశ్రాంత ఇంజనీరు

నేను పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో పని చేసి పదవీ విరమణ పొందాను. మీ అసలు ప్రశ్నకు జవాబు ఎవరూ ఇవ్వలేదు కనుక రాస్తున్నాను.

వంతెన మంజూరు చేసే అధికారం ఎమ్మెల్యేకు లేదు. ఆయన చేతిలో ఉండేది నియోజకవర్గ అభివృద్ధి నిధి మాత్రమే. దాని మొత్తం ప్రభుత్వాన్ని బట్టి మారుతూ ఉంటుంది, పైగా ఆయన పనులను ప్రతిపాదిస్తే జిల్లా యంత్రాంగం మంజూరు ఇస్తుంది. సీసీ రోడ్డు, మురుగు కాలువ, పాఠశాలకు ప్రహరీ, సామాజిక భవనం వంటివి దానితో అవుతాయి. వాగు మీద హైలెవల్ వంతెనకు ఆ నిధి చాలదు. దానికి అంచనా తయారు కావాలి, ప్రభుత్వం నుంచి పరిపాలనా అనుమతి రావాలి, ఆపైన సాంకేతిక అనుమతి, టెండరు ఉంటాయి. గ్రామీణ వంతెనలకు చాలాసార్లు నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) రుణం ఆధారం అవుతుంది. ఆ జాబితాలో మీ వాగు పేరు చేరాలంటే ముందు అంచనా పైకి వెళ్లి ఉండాలి. చాలా ఊళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. రోడ్డు ఆర్‌అండ్‌బీదా (రోడ్లు, భవనాల శాఖ), పంచాయతీరాజ్‌దా అన్నది కూడా చూడకుండా వినతిపత్రాలు ఇస్తారు. తప్పు శాఖకు చేరిన కాగితం "మా పరిధిలోనిది కాదు" అనే ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది.

ఇప్పుడు శాసనసభ సంగతి. ఎమ్మెల్యే గారి లేఖ మా కార్యాలయానికి వస్తే దాన్ని ఫైలులో పెట్టేవాళ్లము. అదే విషయం మీద ఆయన నక్షత్రం గుర్తు గల ప్రశ్నకు, అంటే మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పవలసిన ప్రశ్నకు, నోటీసు ఇచ్చి, స్పీకర్ దాన్ని అనుమతిస్తే కథ మారిపోతుంది. సచివాలయం నుంచి చీఫ్ ఇంజనీరుకు, ఆయన నుంచి కింది స్థాయి ఇంజనీర్లయిన ఈఈకి, డీఈకి, చివరకు ఏఈకి అదే రోజు ఫోన్లు వస్తాయి. చప్టా ఏ సంవత్సరం కట్టారు, వరద ఎంత ఎత్తున పారుతుంది, అంచనా పంపారా లేదా, పంపితే ఎక్కడ ఆగింది అని రాతపూర్వకంగా నోట్ పంపాలి. ఆ నోట్ ఆధారంగానే మంత్రి సభలో జవాబు చెబుతారు కాబట్టి అందులో తప్పు రాయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. జవాబు "ఔనండి", "కాదండి", "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్నంత పొడిగా ఉన్నా, సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేయవచ్చు. "ఈ ఆర్థిక సంవత్సరంలో చేపడతాము" అని మంత్రి ఒక్క మాట అన్నారంటే అది సభా రికార్డులోకి వెళ్తుంది, ప్రభుత్వ హామీల కమిటీ దాని అమలు గురించి తర్వాత అడగవచ్చు.

ఇబ్బంది ఏమిటంటే సభ జరిగే రోజులే తక్కువ. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి వ్యవధి ఉండరాదని రాజ్యాంగంలోని 174వ అధికరణం చెబుతుంది తప్ప, ఏడాదికి ఇన్ని రోజులు నడపాలని చెప్పదు. మన రెండు రాష్ట్రాలలోనూ ఇటీవలి కాలంలో ఏడాదికి ముప్పై రోజులు కూడా సభ జరగని సంవత్సరాలే ఎక్కువ. ఆ కొద్ది రోజులలోనూ ప్రశ్నోత్తరాల సమయం గొడవలతో పోతే, వెళ్లిన ప్రశ్నకు సభలో జవాబు రాదు. అయినప్పటికీ ఆ ప్రశ్న మా కార్యాలయంలో పుట్టించిన నోట్ మాత్రం ఫైలులో మిగిలే ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా ఎమ్మెల్యేలు దీన్ని ఇంత తక్కువగా ఎందుకు వాడుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు. ఉదయం వరండాలో నిలబడిన వారికి సభలో వేసిన ప్రశ్న కనిపించదు, చేతికి ఇచ్చిన లేఖ కనిపిస్తుంది. బహుశా కారణం అదే.

ప్రశ్న అడిగినవారు: వాగు అవతలి ఊరివాడు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మాది పంచాయతీరాజ్ రోడ్డేనని పంచాయతీ కార్యదర్శి గారు ధ్రువీకరించారు. మా ఎమ్మెల్యే గారు అధికార పార్టీ సభ్యులు. సొంత ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టే ప్రశ్న వేయమంటే ఒప్పుకుంటారా అన్నది నా సందేహం.

సమాధానం: విశ్రాంత ఇంజనీరు

అధికార పార్టీ సభ్యులు కూడా నియోజకవర్గ పనుల మీద ప్రశ్నలు వేస్తూనే ఉంటారు. నిలదీస్తున్నట్లు కాకుండా, "వంతెన నిర్మించే ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా, ఉన్నచో ఎప్పటిలోగా చేపడతారు" అనే ధోరణిలో రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ప్రశ్నకు అవకాశం రాకపోతే జీరో అవర్‌లో (సభ్యులు అత్యవసర విషయాలను క్లుప్తంగా లేవనెత్తే సమయంలో) ప్రస్తావించవచ్చు, బడ్జెట్‌లోని పంచాయతీరాజ్ పద్దు చర్చకు వచ్చిన రోజున రెండు మాటలు మాట్లాడవచ్చు.

మీరు చేయవలసినది ముందు డీఈ కార్యాలయానికి వెళ్లి అంచనా పంపారో లేదో కనుక్కోవడం. పంపి ఉంటే లేఖ సంఖ్య, తేదీ రాసుకోండి. తర్వాత గ్రామసభ తీర్మానం, రోడ్డు పేరు, వాగు పేరు, చప్టా మునిగిన తేదీలు, అవతల ఉన్న జనాభా, బడికి వెళ్లే పిల్లల సంఖ్య ఒకే పేజీలో రాయండి. ఆ పేజీ అడుగున ప్రశ్న పాఠాన్ని కూడా మీరే రాసి ఇవ్వండి, ఎందుకంటే పీఏ గారికి దాన్ని తయారు చేసే తీరిక ఉండదు. సమావేశాల తేదీలు ప్రకటించేదాకా ఆగకుండా ముందుగానే ఇవ్వండి, నోటీసుకు గడువు ఉంటుంది.

సమాధానం: క్యాంపు కార్యాలయం పాత ఉద్యోగి

ఒక చిన్న చేర్పు. ఆ కాగితాన్ని ఉదయం రద్దీలో ఇవ్వవద్దు. మధ్యాహ్నం భోజనం అయ్యాక, పర్యటన లేని రోజు చూసుకుని, ఇద్దరు ముగ్గురు మాత్రమే వెళ్లండి. ఒక నకలు మీద పీఏ గారి చేత తేదీ వేయించి తీసుకోండి.